ఒత్తు లేని పేరు

మా షెడ్డులో ప్రతి బండకూ రెండు ముఖాలు.
ఒకటి మిషన్ కిందికి, ఇంగొకటి నేలకు.
పద్నాలుగేండ్లు నీళ్ళ పైపు పట్టుకొని
కింది ముఖం ఎట్లుంటుందో చూడకుండానే
పై ముఖాన్ని అద్దం చేస్తా వచ్చినా.

జక్రయ్య కోత మిషన్ మీద,
నేను పాలిష్ కాడ.
మధ్యాన్నం ఇద్దరమూ ఒకే గిన్నె తెరిచేటోళ్ళం.
సంగటి ముద్ద మీద ఆయప్ప వేళ్ళ గుర్తులు తెల్లగా పడేటివి.
ప్రార్థన చెయ్యంటే
"దుమ్ము తినేదానికి కూడానా" అని నవ్వేటోడు.
నవ్వి, మళ్ళా కండ్లు మూసుకునేటోడు.

తాడిపత్రిలో టీబీ అన్నారు.
అనంతపురం పెద్దాసుపత్రిలో కాదన్నారు.
ఎక్స్‌రే పటాన్ని కిటికీకి ఆనిచ్చి చూపిచ్చినారు.
ఆయప్ప రొమ్ములో మా షెడ్డే అగుపడింది నాకు,
తెల్లగా,
గాలాడకుండా.

దేవదానం అయ్యగారు మోకాళ్ళ మీద గంటన్నర ఉన్నాడు.
నుదుటికి నూనె రాసినాడు.
నాకూ నమ్మకం ఉండింది, అబద్ధం చెప్పను,
ఆవగింజకంటే పెద్దదే ఉండింది.

క్రిస్మస్ నక్షత్రం ఇంకా దించకముందే పోయినాడు.
అందులో బల్బు ఆర్పను ఎవరికీ గుర్తు రాలే.
మూడు రాత్రులు ఆ ఎర్ర వెలుతురు
పీనుగ లేని మంచం మీద పడతానే ఉండింది.

"దేవునికి అవసరమొచ్చిందిలే" అనింది మా వదిన.
దేవునికి కోత మిషన్ యాడుంది?
అనలేదు. గొంతు దాకా వచ్చింది.

ఆదివారం సాక్ష్యాల వేళ.
ఒకరికి తప్పిపోయిన బర్రె దొరికింది.
ఒకరి కొడుక్కి కానిస్టేబులు ఉద్యోగం.
ఒకామెకు కడుపులో గడ్డ కరిగింది.
అందరికీ చప్పట్లు కొట్టినా.
అరచేతులకేం తెలుసు, కొట్టమంటే కొడతాయి.

ఎనిమిది వారాలకు నేనూ లేచి నిలబడినా.
"సోమవారం పనికి పోయినా.
మంగళవారం పోయినా.
బుధవారం కరెంటు లేదు.
గురువారం పోయినా."
అంతే. కూర్చున్నా.
స్తోత్రమన్నోళ్ళు లేరు.
ఫ్యాను తిరిగే చప్పుడు.
వెనక వరసలో ఇద్దరు కొడుకుల్ని పూడ్చిన లేయమ్మ అవ్వ మాత్రం
కొంచెం ఆలస్యంగా
ఆమేన్ అనింది.

ఓనరు ఒక పగులు బండ ఊరికే ఇచ్చినాడు.
మద్దిలేటి మధ్యాన్నం అన్నం మానుకొని పేరు చెక్కినాడు.
మూడో తరగతి చదువు వానిది.
జక్రయ అని పడింది, యకారం కింద ఒత్తు లేదు.
చూసుకొని ఉలి కింద పెట్టి ఏడ్చినాడు,
ఇంగో బండ మీద మళ్ళా చేస్తానక్కా అని.
వద్దన్నా.
ఆ దినం బూర ఊది పిలిచేటాయన
పలక చదివి పిలుస్తాడా?

ఆ సాయంత్రం బండను బోర్లేసినా.
పద్నాలుగేండ్లలో మొదటిసారి
కింది ముఖానికి పాలిష్ పట్టినా.
ఎవరు చూడొచ్చినారు దాన్ని, కరెంటు దండగ, అన్నాడు ఓనరు.
నేను పైపు ఆపలే.
ఆ ముఖం ఆయప్ప వైపు ఉండేది.

ఈస్టరు తెల్లారుజామున కొవ్వొత్తులు పట్టుకొని
రైలుకట్ట పక్కన సమాధులకాడికి పోయినాం.
ఆ కాలంలో ఆడోళ్ళు దావెంట దిగులుపడినారంట,
రాయి ఎవరు జరుపుతారో అని.
నాకు ఆ దిగులు లేదు.
ఈ రాయి బరువు నా నడుముకు తెలుసు.
ఆటోలోకి ఎక్కించింది నేను, మద్దిలేటి. దించిందీ మేమే.
పోయి చూస్తే పెట్టిన చోటే ఉంది.
వెంట్రుకంత కూడా జరగలే.

సీసాలో నీళ్ళు పోసి కడిగినా.
చెయ్యి అలవాటుగా గుండ్రంగా తిరిగింది.
గాలికి కొవ్వొత్తి రెండుసార్లు ఆరిపోయింది,
రెండుసార్లూ పక్క సమాధోళ్ళు ముట్టిచ్చినారు,
వాళ్ళెవరో నాకు తెలీదు.

సలోమి బండ మీద చెయ్యి పెట్టి అడిగింది,
"నాయనకు లోపల వెలుతురు ఉంటాదా మా?"
"కింద పక్కా పాలిష్ ఉందిలే" అన్నా.
అది చాలన్నట్టు తలూపింది పిల్ల.
నాకు చాలిందో లేదో చెప్పలేను.

కట్ట మీద గూడ్సు బండి పోయింది,
బండల లోడుతో, చానాసేపు.
అది పోయినంకా
ఎవరో పాట ఎత్తుకున్నారు.
రెండో చరణం కాడ నా గొంతు కూడా కలిసింది,
నేను చూసుకోలే.

రేపు సోమవారం.